శబ్దం చేయని సంగీతకారుడు: ఫెలిక్స్ మెండెల్సన్ జీవితం



డిసెంబరు వచ్చిందంటే మన ఫెలోషిప్‌లో ‘దూత పాట పాడుడి’ పాడకుండా ఉండం. చిన్నప్పుడు ఊళ్లో గుడిలో పాడాం, ఇప్పుడు ఇక్కడ అద్దెకు తీసుకున్న హాల్లో పాడుతున్నాం. ఆ రాగం ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించారా? పెళ్లి ఆరాధన ముగిశాక వధూవరులు చేయి చేయి పట్టుకుని బయటికి నడుస్తుంటే కీబోర్డు మీద వాయించే ఆ హుషారైన మార్చ్ ఎవరిదో తెలుసా? రెండూ ఒకరివే. ఆయన పేరు ఫెలిక్స్ మెండెల్సన్. జర్మనీ దేశస్థుడు, 38 ఏళ్లే బ్రతికాడు.

అయితే నేను ఆయన గురించి చదవడం మొదలుపెట్టింది ఆ పాటల వల్ల కాదు. కొన్నేళ్ల కిందట మన క్రిస్మస్ క్వైర్‌ను నడిపించే పని నా మీద పడింది. నాకు సంగీతం అంతంతమాత్రం. ఆఫీసులో టీమ్‌ను నడుపుతున్నాడు కదా, ఇదీ నడుపుతాడులే అనుకున్నట్టున్నారు. ఐదో వారం ప్రాక్టీస్‌లో ఆడవాళ్లు ఒక చోట మొదలుపెడితే మగవాళ్లు ఇంకో చోట మొదలుపెట్టారు, డ్రమ్స్ తమ్ముడు వీళ్లిద్దరినీ దాటి వెళ్లిపోయాడు. నేను కోపం పట్టలేక పాటల పుస్తకం బల్ల మీద విసిరికొట్టాను. మరుసటి వారం ఒక ఆంటీ ప్రాక్టీస్‌కు రాలేదు. కారణం నాకు తెలుసు. ఆ రాత్రి ఇంటికి వచ్చి వెతికాను: ఏ వాద్యమూ వాయించకుండా, ఒక్క స్వరమూ పాడకుండా, పదిమంది ముందు నిలబడి చేతులు ఊపే ఆ పనిని మనుషులు ఎలా నేర్చుకుంటారు? ఎవరు నేర్పుతారు? వెతుకుతూ పోతే మెండెల్సన్ దగ్గర ఆగాను.

కండక్టర్ అంటే మనకు ముందు బస్సు కండక్టరే గుర్తొస్తాడు. ఆర్కెస్ట్రా కండక్టర్ పని వేరు. నలభై, యాభై మంది వాయించేవాళ్లలో ఎవరి కాగితం మీద వాళ్ల స్వరాలు మాత్రమే ఉంటాయి. కండక్టర్ ముందున్న స్కోరులో మాత్రం అందరి స్వరాలూ ఒకదాని కింద ఒకటి ఒకే పేజీలో ఉంటాయి. మొత్తం సంగీతం కాగితం మీద కనిపించేది ఆయన ఒక్కడికే. ఆయన కుడి చేయి తాళం చూపిస్తుంది. ఎడమ చేయి ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎవరు తగ్గాలో, ఎవరు పెరగాలో చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం మొదటి శబ్దానికి ముందు ఉండే ఎత్తుగడ. కర్ర పైకి లేచే ఆ ఒక్క క్షణంలోనే వేగం ఎంతో, బలం ఎంతో అందరికీ తెలిసిపోవాలి. తెలియకపోతే మా ఐదో వారం ప్రాక్టీసే.

మెండెల్సన్ పుట్టేనాటికి ఈ పని ఇంకా ఒక కుదురుకు రాలేదు. చాలా చోట్ల మొదటి వయొలిన్ వాయించే ఆయన వాయిస్తూనే, మధ్యలో కమాను ఊపుతూ మిగతావాళ్లను నడిపించేవాడు. లేదంటే కీబోర్డు ముందు కూర్చున్నాయన నడిపించేవాడు. కొన్ని చోట్ల ఇద్దరూ ఉండేవాళ్లు, ఎవరి మాట వినాలో వాయించేవాళ్లకు తెలిసేది కాదు. అంతకు ముందు ఫ్రాన్సులో పెద్ద కర్రతో నేల మీద కొట్టి తాళం చెప్పే పద్ధతి కూడా ఉండేది. లుల్లీ అనే పెద్ద సంగీతకారుడు 1687లో, రాజుగారికి ఆరోగ్యం చేకూరినందుకు కృతజ్ఞతా గీతం నడిపిస్తూ ఆ కర్రతో తన కాలి మీదే కొట్టుకున్నాడు. ఆ పుండు ముదిరి చనిపోయాడు. కండక్టింగ్ చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన ప్రమాదం ఇంకొకటి లేదు.

ఫెలిక్స్ 1809 ఫిబ్రవరి 3న హాంబర్గ్ నగరంలో పుట్టాడు. తాత మోసెస్ మెండెల్సన్ పేరుపొందిన యూదు తత్వవేత్త. తండ్రి అబ్రహాం బ్యాంకు యజమాని. ఫెలిక్స్‌కు రెండేళ్లప్పుడు కుటుంబం బెర్లిన్‌కు మారింది. 1816లో అబ్రహాం తన నలుగురు పిల్లలకూ బాప్తిస్మం ఇప్పించాడు. ఆరేళ్ల తర్వాత భార్యాభర్తలు కూడా తీసుకున్నారు. అందులో విశ్వాసం ఎంత, అప్పటి సమాజంలో యూదులకు మూసి ఉన్న తలుపులు తెరుచుకోవాలన్న ఆశ ఎంత అన్నది చరిత్రకారులు నేటికీ చర్చిస్తారు. పెద్దయ్యాక ఫెలిక్స్ మాత్రం లూథరన్ విశ్వాసాన్ని తనదిగా చేసుకున్నాడు, తాతగారి పేరునూ వదల్లేదు. ఆ పేరు తీసేయమని తండ్రి అడిగినా వినలేదు.

ఆ ఇంట్లో పిల్లలు ఉదయం ఐదింటికే లేవాలి. భాషలు, లెక్కలు, బొమ్మలు, పియానో, వయొలిన్, అన్నీ నేర్పించారు. సంగీత సిద్ధాంతం నేర్పిన గురువు కార్ల్ ఫ్రీడ్రిష్ జెల్టర్. ఆయన మొదట తాపీమేస్త్రీ! భవనాలు కట్టే కుటుంబం నుంచి వచ్చి, బెర్లిన్‌లోని సింగ్ అకాడమీ అనే పెద్ద క్వైర్‌కు అధిపతి అయ్యాడు. మనిషి మోటు, మాట కరుకు, పని మాత్రం గట్టిది. ఫెలిక్స్, అతనికంటే మూడేళ్లు పెద్దదైన అక్క ఫానీ 1820లో ఆ క్వైర్‌లో చేరారు. అంటే ముందు పాడేవాళ్లలో ఒకడిగా నిలబడ్డాకే, పాడేవాళ్ల ముందు నిలబడటం నేర్చుకున్నాడు.

కండక్టింగ్ నేర్పే బడి అప్పట్లో లేదు. తండ్రి డబ్బున్నవాడు కాబట్టి దారి చూపించాడు: ఆదివారాలు ఇంట్లోనే కచేరీలు పెట్టించి, రాజాస్థాన ఆర్కెస్ట్రా నుంచి వాయించేవాళ్లను జీతానికి పిలిపించాడు. పన్నెండు, పదమూడేళ్ల ఫెలిక్స్ వాళ్ల ముందు నిలబడి, తాను రాసిన చిన్న సింఫనీలను తానే నడిపించేవాడు. రాసింది వెంటనే చెవికి వినిపించేది, తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసేది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ సుఖం ఏమిటో చెప్పక్కర్లేదు. ఇంత సదుపాయం ఎంతమంది పిల్లలకు దొరుకుతుందన్న ప్రశ్న కూడా నాకు వచ్చింది. ఈ ప్రశ్న తర్వాత మళ్లీ వస్తుంది.

అమ్మమ్మ బెల్లా సాలమన్ తన మనవడికి ఒక కానుక ఇచ్చింది: బాఖ్ రాసిన ‘మత్తయి సువార్త ప్రకారం శ్రమల గానం’ స్కోరుకు నకలు. బాఖ్ 1727లో లైప్‌జిగ్ గుడిలో మంచి శుక్రవారం ఆరాధన కోసం కూర్చిన గానం అది. రెండు క్వైర్లు, రెండు ఆర్కెస్ట్రాలు, దాదాపు మూడు గంటలు. 1750లో ఆయన పోయాక మెల్లగా మరుగునపడింది. తెలిసిన కొద్దిమంది కూడా అది పాడటానికి సాధ్యంకాని లెక్కల పుస్తకం లాంటిదనుకునేవారు.

ఫెలిక్స్ 1827 చలికాలంలో ఇంట్లో పదహారు మందిని పోగుచేసి, శనివారం సాయంత్రాలు దాన్ని కొద్దికొద్దిగా పాడించడం మొదలుపెట్టాడు. స్నేహితుడు దేవ్రియెంట్ ఒపెరా గాయకుడు. దీన్ని అందరి ముందూ పాడాల్సిందేనని పట్టుబట్టింది అతనే. ఇద్దరూ కలిసి జెల్టర్ దగ్గరకు వెళ్లారు. ముసలాయన మండిపడ్డాడు. మీ వయసెంత, ఈ పని ఎంత అన్నట్టు మాట్లాడాడు. ఫెలిక్స్ తలుపు దాకా వెనక్కి నడిచాడట. దేవ్రియెంట్ మాత్రం కదలకుండా నిలబడి బతిమాలి, చివరికి ఒప్పించాడు.

ఇక్కడ నేను ఆగి చాలాసేపు చదివాను. ఎందుకంటే సంగతి ఉన్నది ఆ సాయంత్రపు కచేరీలో కాదు, అంతకు ముందు వారాల్లో. మొదటి ప్రాక్టీసుకు కొద్దిమంది వస్తే తర్వాతి ప్రాక్టీసులకు సంఖ్య పెరుగుతూ పోయింది, చివరికి 150 మందికి పైగా పాడారు. స్వరాల కాగితాలు రాసి పెట్టింది వయొలిన్ వాయించే స్నేహితుడు రీట్స్, అతని ఇంటివాళ్లు. పైసా తీసుకోలేదు. ఫెలిక్స్ ప్రతి ప్రాక్టీసులో పియానో దగ్గర నిలబడి, స్కోరులో ఏ మూల ఏముందో కంఠతా తెలిసినవాడిలా, ముందు మొత్తం అర్థం చెప్పి, తర్వాత చిన్న చిన్న ముక్కలు సరిచేసేవాడు. కొన్ని భాగాలు తీసేశాడు కూడా. ఈనాటి పండితులకు అది నచ్చదు, కానీ ఆ రోజు వినడానికి వచ్చినవాళ్లు ఆ గానాన్ని ఎన్నడూ విని ఎరగరు.

1829 మార్చి 11న కచేరీ జరిగింది. ఫెలిక్స్‌కు ఇరవై ఏళ్లు. రాజు వచ్చాడు, తత్వవేత్త హెగెల్ వచ్చాడు, దైవశాస్త్ర పండితుడు ష్లయర్‌మాకర్ వచ్చాడు. చోటు లేక వెనక్కి వెళ్లినవాళ్లు వందల్లో ఉన్నారు. వేదిక మీద పియానోను అడ్డంగా పెట్టించాడు. మొదటి క్వైర్ తన వెనుక, రెండో క్వైర్, ఆర్కెస్ట్రా తన ఎదుట. దేవ్రియెంట్ యేసు ప్రభువు మాటలు పాడాడు. ఆ రోజు గురించి అతను తర్వాత రాసిన జ్ఞాపకాల్లో ఒక విషయం నన్ను పట్టుకుంది: అంతా సరిగ్గా సాగుతున్నప్పుడు ఫెలిక్స్ కర్ర దించేసి ఊరికే వింటూ నిలబడేవాడు. అవసరమైన చోట మళ్లీ ఎత్తేవాడు. ప్రాక్టీసులో పని పూర్తిచేసినవాడికే అలా చేతులు దించే ధైర్యం ఉంటుంది. నేనైతే పాట మొదటి నుంచి చివరిదాకా గాలిమర తిరిగినట్టు చేతులు తిప్పుతూనే ఉండేవాణ్ణి.

వచ్చిన డబ్బు పేద బాలికలకు కుట్టుపని నేర్పే బడులకు ఇచ్చారు. మార్చి 21న, బాఖ్ పుట్టినరోజున, మళ్లీ పాడారు. మంచి శుక్రవారం మూడోసారి పాడేనాటికి ఫెలిక్స్ ఇంగ్లండ్‌కు బయలుదేరాడు, ఆ సారి నడిపించింది జెల్టర్. బాఖ్ ఇవాళ లోకమంతా వినే బాఖ్ కావడానికి ఆ మూడు సాయంత్రాలు పెద్ద కారణం.

లండన్‌లో ఫిల్‌హార్మోనిక్ సొసైటీ కచేరీకి ఆయన తన కోసం ఒక తెల్ల కర్ర చేయించుకున్నాడు. తయారుచేసిన వడ్రంగి ఈయన్ని నగరసభ పెద్దమనిషి అనుకుని, కర్ర మీద కిరీటం చెక్కుతానని పట్టుబట్టాడట. ఇంటికి రాసిన ఉత్తరంలో ఫెలిక్స్ ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. అప్పటికి లండన్‌లో బ్యాటన్ కొత్త. మొదటి వయొలిన్ ఆయనకు అది తన అధికారం లాక్కోవడంలా కనిపించేది.

ఇంత పేరు వచ్చాక సొంత ఊరు నెత్తిన పెట్టుకుని ఉంటుందని మీరు అనుకుంటారు. 1832లో జెల్టర్ చనిపోయాడు. సింగ్ అకాడమీకి తర్వాతి అధిపతి ఎవరన్నదానికి 1833 జనవరిలో ఓట్లు వేశారు. ఎన్నో ఏళ్లుగా జెల్టర్‌కు సహాయకుడిగా ఉన్న రుంగెన్‌హాగెన్‌కు 148, మెండెల్సన్‌కు 88. వయసు చిన్నదని కొందరు, యూదు రక్తమని కొందరు. అసలు పోటీలో నిలబడటం ఆయనకు ఇష్టం లేదు. ఇంట్లోవాళ్ల బలవంతం మీద నిలబడ్డాడు. ఆ గాయం బెర్లిన్ మీద మనసు విరిచేసింది.

అదే సంవత్సరం డ్యూసెల్‌డార్ఫ్ నగరం ఆయన్ను సంగీత దర్శకుడిగా పిలిచింది. గుడుల్లో సంగీతం కూడా ఆయన బాధ్యతే. పాత ఇటలీ క్వైర్ గీతాల కోసం లైబ్రరీలు గాలించి తెచ్చి పాడించాడు. కానీ ఆర్కెస్ట్రా మాత్రం నాణ్యమైనది కాదు. తాళం నిలవదు, క్రమశిక్షణ అంతకంటే నిలవదు. ఒకనాడు బీథోవెన్ ‘ఎగ్మాంట్’ ప్రాక్టీసులో వాయించేవాళ్ల మీద కోపంతో, జీవితంలో మొదటిసారి ఒక స్కోరును చింపేశానని తనే ఉత్తరంలో రాసుకున్నాడు.

ఈ వాక్యం చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. నేను పుస్తకం విసిరాను, ఆయన చింపాడు. తేడా అల్లా, ఆయనకు బీథోవెన్ తెలుసు. ఆ రాత్రే ఆంటీకి ఫోన్ చేశాను. ఆమె ఏమన్నారో ఇక్కడ రాయను, కానీ శనివారం వచ్చారు.

1835లో లైప్‌జిగ్ పిలిచింది. గెవాండ్‌హౌస్ అంటే బట్టల వర్తకుల భవనం. ఆ భవనంలోనే ఐదువందల మంది పట్టే చిన్న కచేరీ హాలు, దానికి సుమారు యాభై మంది ఆర్కెస్ట్రా. అంతవరకు సింఫనీలను మొదటి వయొలిన్ నుంచే నడిపించేవారు. అక్టోబరు 4న మొదటి కచేరీలో మెండెల్సన్ కర్ర పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆయన్ను ఎంతో ఇష్టపడే షూమన్‌కే ఆ కర్ర మొదట నచ్చలేదు, ఆర్కెస్ట్రా ఒక గణతంత్రంలా ఉండాలి గానీ ఒకరి కింద ఉండకూడదన్నట్టు పత్రికలో రాశాడు. కొన్ని నెలల్లో వాదన చల్లబడింది. ఎందుకంటే వినిపించే తేడా అలాంటిది.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చిన్నప్పటి స్నేహితుడు, వయొలిన్ విద్వాంసుడు ఫెర్డినాండ్ డేవిడ్‌ను పిలిపించి మొదటి వయొలిన్ స్థానంలో పెట్టుకున్నాడు. ప్రాక్టీసులకు సమయం కేటాయించాడు. ఇంకొకటి, నాకు అన్నిటికంటే నచ్చింది: వాయించేవాళ్ల జీతాల కోసం నగరసభతో ఏళ్ల తరబడి పోరాడాడు, పెంపు సాధించాడు. ఇంట్లో పొయ్యి వెలగని మనిషిని సున్నితంగా వాయించమని అడగడం కుదరదని ఆయనకు తెలుసు. సొంత రచన నెగ్గినంత సంతోషంగా ఆ పెంపు కబురు స్నేహితులకు రాసుకున్నాడు.

ఆ హాల్లోనే 1839 మార్చి 21న షూబర్ట్ పెద్ద సి మేజర్ సింఫనీ మొదటిసారి వినిపించింది. షూబర్ట్ చనిపోయి అప్పటికి పదేళ్లు దాటింది. వియన్నాలో ఆయన అన్న దగ్గర కాగితాల కట్టల్లో అది షూమన్‌కు దొరికింది. ఐదేళ్ల తర్వాత ఇదే సింఫనీని లండన్ ఆర్కెస్ట్రా ముందు పెడితే, చివరి భాగంలో మళ్లీ మళ్లీ వచ్చే స్వరాలు చూసి వాయించేవాళ్లు పగలబడి నవ్వారు. మెండెల్సన్ ఆ సింఫనీని కార్యక్రమం నుంచి తీసేశాడు, దాంతోపాటు తన సొంత ‘రూయ్ బ్లాస్’ ఓవర్చర్ కూడా ఇవ్వనన్నాడు. ఈసారి ఏమీ చింపలేదు.

ఇక నేర్పడం సంగతి. 1839లో చనిపోయిన ఒక న్యాయాధికారి, బ్లూమ్నర్, కళలకో శాస్త్రాలకో వాడమని 20,000 థాలర్లు సాక్సనీ రాజు చేతిలో పెట్టి పోయాడు. ఆ డబ్బు లైప్‌జిగ్‌లో సంగీత కళాశాలకు ఇవ్వమని మెండెల్సన్ రాజును అడిగి ఒప్పించాడు. 1843 ఏప్రిల్ 2న కళాశాల తెరిచారు. డేవిడ్ వయొలిన్, హాప్ట్‌మన్ సిద్ధాంతం, షూమన్ పియానో, స్కోరు చదవడం. బెర్లిన్ ఇంట్లో తనకు తండ్రి డబ్బుతో దొరికింది, డబ్బులేని పిల్లలకు కూడా దొరకాలని అందులో ఉచిత సీట్లు పెట్టారు. పైన అడిగిన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఇదని నేను అనుకుంటున్నాను.

అందులో కండక్టింగ్ అనే తరగతి ఉండేది కాదు. స్కోరు చదవడం నేర్చుకుని, గెవాండ్‌హౌస్‌లో ఆయన పని చేస్తుంటే చూడటమే పాఠం. తరగతి గదిలో మెండెల్సన్ అంత ఓపికమంతుడు కాడు, చిరాకుపడేవాడని శిష్యులే రాశారు. అయినా రాక్‌స్ట్రో అనే ఇంగ్లిష్ శిష్యుడు చెప్పిన ఒక సంగతి చూడండి. ఆయన బోర్డు మీద ఒక వరస రాసి, ఒక్కో విద్యార్థిని పిలిచి దాని కింద ఒక్కో వరస చేర్చమనేవాడు. ఒకరోజు చివరి కుర్రాడు బోర్డు ముందు ఎంతసేపు నిలబడినా తర్వాతి స్వరం ఎక్కడ పెట్టాలో తోచలేదు, తల అడ్డంగా ఊపాడు. మంచిదే, నాకూ తోచడం లేదు అన్నట్టు మెండెల్సన్ ఒప్పుకున్నాడు. కొత్తగా చేరిన ఇంజినీర్ల ముందు ఈ మాట అనడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఆయన అసలు నేర్పిన పద్ధతి మాత్రం బోర్డు మీద కాదు, కర్ర చేతికివ్వడంలో ఉంది. డెన్మార్క్ నుంచి నీల్స్ గాడె అనే పాతికేళ్ల యువకుడు ఒక సింఫనీ పంపాడు. సొంత దేశంలో దాన్ని తిప్పికొట్టారు. మెండెల్సన్ 1843లో లైప్‌జిగ్‌లో దాన్ని నడిపించాడు, ఆ కుర్రాణ్ణి రప్పించాడు, తన ఆర్కెస్ట్రాలో సహాయ కండక్టర్‌ను చేశాడు. తన ప్రసిద్ధ వయొలిన్ కన్సర్టో 1845 మార్చి 13న మొదటిసారి వినిపించినప్పుడు ఆయన ఊళ్లో లేడు. వాయించింది డేవిడ్, నడిపించింది గాడె. తాను ఏళ్ల తరబడి రాసిన దాని తొలి కచేరీని ఇంకొకరి చేతిలో పెట్టాడు! అలాగే జోసెఫ్ యోవాకిమ్ అనే పన్నెండేళ్ల యూదు బాలుడు వస్తే పరీక్షించి, వీడికి కళాశాల అక్కర్లేదని చెప్పి, తానే దగ్గరుండి చూసుకుని, 1844లో లండన్ తీసుకెళ్లి బీథోవెన్ కన్సర్టో వాయించేటప్పుడు వెనుక ఆర్కెస్ట్రాను తాను నడిపించాడు. ఆ బాలుడే తర్వాత బెర్లిన్‌లో సంగీత కళాశాల స్థాపించి ఒక తరానికి గురువయ్యాడు.

ఒక్కరి విషయంలో మాత్రం ఆయన చేయి చాపలేదు. ఫానీకీ అదే గురువు, అవే పాఠాలు, అంతే ప్రతిభ. పద్నాలుగేళ్లకే బాఖ్ రచనలు కంఠతా వాయించింది. అయితే సంగీతం నీకు అలంకారమే తప్ప వృత్తి కాకూడదని తండ్రి ఆమెకు రాశాడు. తండ్రి పోయాక కూడా రచనలు అచ్చువేయడానికి తమ్ముడు ప్రోత్సాహం ఇవ్వలేదు. ఇది ఆయన తప్పని నేను అనుకుంటాను. ఆమె ఇంటి తోట హాల్లోనే ఆదివారం కచేరీలు నిలబెట్టింది, క్వైర్‌ను తానే తయారుచేసింది. 1834లో ఒకసారి పూర్తి ఆర్కెస్ట్రా ముందు కర్ర చేతికిస్తే, సిగ్గుపడుతూనే నడిపించానని తమ్ముడికి రాసింది. 1846లో సొంత నిర్ణయంతో పాటలు అచ్చువేసింది, అప్పుడు గానీ ఫెలిక్స్ ఆశీర్వదిస్తూ ఉత్తరం రాయలేదు.

అదే సంవత్సరం ఆగస్టు 26న బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో ఆయన ‘ఏలీయా’ మొదటిసారి వినిపించింది. కర్మెలు పర్వతం, కరువు, వర్షం, సుడిగాలి, అన్నీ ఆ గానంలో ఉన్నాయి. 271 మంది క్వైర్, 125 మంది ఆర్కెస్ట్రా. ఎనిమిది భాగాలు మళ్లీ పాడమని జనం అడిగి పాడించుకున్నారు. అంత విజయం తర్వాత ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. ఆయన ఇంటికెళ్లి మొత్తం గానాన్ని మళ్లీ తిరగరాయడం మొదలుపెట్టాడు. 1847 ఏప్రిల్ 16న లండన్‌లో కొత్త రూపాన్ని నడిపించాడు.

మే 14న ఫానీ బెర్లిన్ ఇంట్లో ఆదివారం కచేరీకి ప్రాక్టీసు చేయిస్తోంది. పాడుతున్నది తమ్ముడి రచనే. చేతులు మొద్దుబారాయి, ఆ రాత్రే చనిపోయింది. కబురు విని ఫెలిక్స్ కుప్పకూలాడు. అంత్యక్రియలకు వెళ్లే శక్తి కూడా లేకపోయింది. స్విట్జర్లాండ్‌లో కొన్నాళ్లు బొమ్మలు వేశాడు, దుఃఖమంతా ఒక క్వార్టెట్‌లో రాశాడు. నవంబరు 4న లైప్‌జిగ్‌లో, భార్య సెసీల్‌నూ ఐదుగురు పిల్లలనూ వదిలి, ఆయనా వెళ్లిపోయాడు. బెర్లిన్‌లో అక్క పక్కనే సమాధి చేశారు.

పోయిన మూడేళ్లకే వాగ్నర్ మారుపేరుతో యూదుల సంగీతం మీద విషం కక్కాడు, తర్వాత కండక్టింగ్ మీద రాసిన పుస్తకంలో మెండెల్సన్ వేగం ఎక్కువని ఎద్దేవా చేశాడు. 1936 నవంబరులో నాజీలు గెవాండ్‌హౌస్ ముందున్న ఆయన విగ్రహాన్ని రాత్రికి రాత్రి తీసేశారు. అప్పుడు ఊళ్లో లేని మేయర్ గోయర్‌డెలర్ తిరిగొచ్చి, విగ్రహం వెనక్కి పెట్టకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. హిట్లర్‌కు ఎదురు తిరిగినందుకు 1945లో ఆయన్ను ఉరితీశారు. కొత్త విగ్రహం 2008లో, బాఖ్ పనిచేసిన తోమా గుడి దగ్గర నిలబెట్టారు.

మళ్లీ మన పాట దగ్గరకు వద్దాం. ఆ రాగాన్ని మెండెల్సన్ క్రిస్మస్ కోసం రాయలేదు. అచ్చు యంత్రం కనిపెట్టిన గుటెన్‌బర్గ్ పండుగకు 1840లో లైప్‌జిగ్ బహిరంగ స్థలంలో మగవాళ్ల క్వైర్, బాకాలు పాడి వాయించడానికి రాశాడు. ఈ రాగం భక్తి గీతాలకు సరిపడదని ప్రచురణకర్తకు రాశాడు కూడా! 1847లో లండన్‌లో ‘ఏలీయా’ పాడిన క్వైర్‌లో కమ్మింగ్స్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నాడు. ఆ కర్ర కదలికల కింద పాడాడు. ఎనిమిదేళ్ల తర్వాత, వాల్తం ఆబీ గుడిలో ఆర్గన్ వాయిస్తున్న రోజుల్లో, చార్లెస్ వెస్లీ 1739లో అచ్చువేసిన క్రిస్మస్ గీతాన్నీ, ఆ గుటెన్‌బర్గ్ రాగాన్నీ కలిపి తన సంఘంతో పాడించాడు. అక్కడి నుంచి అది సముద్రాలు దాటి, తెలుగు మాటలు తొడుక్కుని, మన కీర్తనల పుస్తకంలోకి వచ్చింది.

ఈ శనివారం సాయంత్రం ఆరున్నరకు మన క్రిస్మస్ ప్రాక్టీసు మొదలవుతుంది. మొదటి పాట అదే. ఈ ఏడాది ముందు నిలబడేది నేను కాదు, యూత్‌లోంచి ఒక చెల్లి. నేను వెనుక వరుసలో బేస్ పాడతాను.